పెద్దకర్మ అయిన మర్నాడు

చావు జరిగిన ఇంట్లో మొదటి పది రోజులూ ఒంటరిగా ఉండాలన్నా కుదరదు. వాకిట్లో షామియానా, అద్దె కుర్చీలు, గోడవారన నీళ్ల డ్రమ్ము, వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. పొయ్యి వెలగని ఇంటికి పక్క వాటాలవాళ్లు క్యారేజీలు పంపుతారు. చిన్నకర్మ ఏ రోజు, అస్థికలు ఎక్కడ కలపాలి, పిండం ఎవరు పెట్టాలి, పెద్దకర్మకు ఎవరెవరికి కబురు వెళ్లాలి, అన్నీ ఎవరో ఒక పెద్దమనిషి చూసుకుంటాడు. ఏడుపుకీ ఒక పద్ధతి ఉంటుంది. కొత్తగా ఎవరు గుమ్మం ఎక్కినా ఆడవాళ్లు మళ్లీ గొల్లుమంటారు, పోయిన మనిషి కథ మళ్లీ మొదటినుంచి చెబుతారు, వచ్చినవాళ్లు కళ్లు తుడుచుకుంటూ వింటారు. పెద్దకర్మ భోజనాలయ్యాక షామియానా విప్పేస్తారు. రాత్రి బస్సుకు కొందరు, మర్నాడు మధ్యాహ్నం రత్నాచల్ రైలుకి కొందరు వెళ్లిపోతారు. ఇల్లు ఖాళీ అవుతుంది. పోయినాయన ఫోనుకి రీచార్జి గడువు ముగుస్తోందని మెసేజ్ వస్తుంది. దాన్ని ఏం చెయ్యాలో చెప్పే పెద్దమనిషి అప్పటికి ఇంట్లో ఉండడు.

విశాఖపట్నంలో దుఃఖానికి కౌన్సెలింగ్ చేసేవారి పని ఆ రోజునుంచి మొదలవుతుంది. అంతకుముందు పది రోజుల్లో వారి అవసరం చాలా ఇళ్లలో ఉండదు, ఎందుకంటే ఆ పనిని ఆచారం చేస్తోంది. ఆచారం ఎక్కడ ఆగిపోతుందో, అసలు ఆచారమే లేని పోగొట్టుకోవడాలు ఏవో తెలిస్తే, ఈ వృత్తి ఎందుకు పుట్టిందో, ఈ ఊళ్లో దానికి ఎందుకు చోటుందో అర్థమవుతుంది.

ఆచారం తక్కువదేమీ కాదు. పరామర్శకు వచ్చిన ప్రతి మనిషికీ చివరి రోజు కథ మొత్తం చెప్పడం అంటే, జరిగిన ఘోరాన్ని పదేపదే మాటల్లో పెట్టి మనసుకు నమ్మకం కలిగించడమే. మైల పేరుతో ఉద్యోగం, గుడి, శుభకార్యం అన్నింటినుంచీ సెలవు దొరుకుతుంది. కర్మ తర్వాత దగ్గరి బంధువులు తమ ఇంటికి తీసుకెళ్లి నిద్ర చేయిస్తారు, అంటే చావు ఇంటినుంచి ఒక రాత్రయినా బయటికి తెస్తారు. ఏడాదిపాటు పండగలుండవు. ‘మాకీ ఏడు పండగ లేదండీ’ అన్న ఒక్కమాటతో ఆ ఇంటి పరిస్థితి వీధి మొత్తానికి తెలుస్తుంది, ఎవరూ కారణం అడగరు. మాసికాలు నెలకోసారి గుర్తుచేస్తాయి, సంవత్సరీకంతో ఒక గడప దాటినట్టవుతుంది.

ఉత్తరాంధ్రలో సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టే అలవాటు ఇంకా గట్టిగానే ఉంది. పోయిన నాన్నకు పంచె, పోయిన నానమ్మకు చీర కొని, వారి ఫొటో ముందు పెట్టి, వారికిష్టమైనవి వండి నైవేద్యం పెడతారు. దీని విలువ తెలియాలంటే ఒకసారి మనస్తత్వశాస్త్ర చరిత్ర చూడాలి. పోయినవారినుంచి మనసును కొంచెం కొంచెంగా విడదీసుకోవడమే దుఃఖం చేసే పని అని ఫ్రాయిడ్ 1917లో రాశాడు. ఆ ప్రభావంతో చాలాకాలంపాటు, పోయినవారితో బంధం మిగిలి ఉంటే అదొక లోపమన్నట్టు వైద్యులు చూశారు. 1996లో డెన్నిస్ క్లాస్, ఆయన సహ పరిశోధకులు ఆ బంధం తెగనక్కర్లేదని, రూపం మార్చుకుని కొనసాగడం ఆరోగ్యకరం కావచ్చని వాదించేవరకు ఆ ధోరణి బలంగానే సాగింది. దాదాపు 80 ఏళ్లు పట్టిన ఆ ఆలోచన, ఏటా జనవరిలో అనకాపల్లి బట్టల కొట్టులో పోయిన అత్తగారికి చీర ఎంచే కోడలికి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. జ్ఞానాపురం క్రైస్తవులు నవంబర్ 2న సమాధులకు పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగించడంలోనూ, ముస్లిం ఇళ్లలో భర్త పోయిన స్త్రీకి నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ పాటించడంలోనూ దుఃఖానికి ఒక గడువు, ఒక చోటు చూపించే తెలివి ఉంది.

అదే ఆచారం గాయపరిచే చోటు కూడా ఉంది, దాన్ని దాటవేయకూడదు. భర్త పోయిన స్త్రీకి గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపే తంతు చాలా ఇళ్లలో నేటికీ జరుగుతోంది. అప్పటికే కుప్పకూలిన మనిషిని నలుగురి మధ్యా కూర్చోబెట్టి, ఇకనుంచి పెళ్లిళ్లలో ముందు వరసలో నిలబడే హక్కు నీకు లేదని చెప్పడమది. కౌన్సెలింగ్‌కి వచ్చే వితంతువులు తరచు చెప్పుకునే రోజు భర్త పోయిన రోజు కాదు, ఈ పదో రోజు. ఏ కౌన్సెలర్ అయినా ఈ రెండు గాయాలనూ విడివిడిగా పట్టుకోవాలి. భర్త లేని లోటుకి ఏడుపు కావాలి. జరిగిన అవమానానికి కోపం కావాలి. రెండింటినీ కలిపి ‘ఓర్చుకో’ అంటే ఏదీ మానదు.

అసలు ఆ గదిలో ఏం జరుగుతుంది?

కౌన్సెలర్ దగ్గరకు వెళ్తే మరిచిపోయేలా చేస్తారని చాలామంది అనుకుంటారు. కొడుకులు తల్లిని తీసుకొచ్చి ‘నాన్న సంగతి మర్చిపోయేటట్టు కాస్త చెప్పండి మేడమ్’ అనడం మామూలే. అక్కడ జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఇంట్లో ఎవరూ ఎత్తని పేరు అక్కడ ఎత్తుతారు. మన ఇళ్లలో పాతతరం ఆడవాళ్లకు భర్త పేరు పలికే అలవాటే లేదు. నలభై ఏళ్లూ ‘ఏవండీ’తోనే గడిచిపోయింది. ఆయన పోయాక ఆ పిలుపు ఎవరికీ చెందనిదై నోట్లోనే ఉండిపోతుంది. ‘ఆయన్ని ఏమని పిలిచేవారు? ఆయన మిమ్మల్ని ఏమని పిలిచేవారు?’ అన్న రెండు చిన్న ప్రశ్నలకు ఒక్కోసారి సెషన్ మొత్తం సరిపోతుంది.

మామూలుగా ఒక సెషన్ ముప్పావు గంటనుంచి గంట వరకు ఉంటుంది. తొలి సెషన్లలో ఎవరు పోయారు, ఎలా పోయారు, కబురు ఎలా తెలిసింది, ఇంట్లో ఇంకెవరున్నారు, అంతకుముందు ఎవరిని పోగొట్టుకున్నారు అని అడుగుతారు. నిద్ర, తిండి, మందు అలవాటు గురించి అడుగుతారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడుగుతారు. ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం ఇళ్లలో ఉంది. అది నిజం కాదు. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. లోపల పెట్టుకుని కుమిలిపోతున్న మనిషికి చెప్పుకునే దారి దొరుకుతుంది.

దుఃఖానికి ఐదు మెట్లుంటాయన్న మాట ఇప్పుడు యూట్యూబ్ ప్రసంగాలదాకా పాకింది. ఒప్పుకోకపోవడం, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం. ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ 1969లో ఈ ఐదింటినీ చెప్పింది మరణశయ్య మీదున్న రోగులతో మాట్లాడి, వారి గురించి. తర్వాతే వాటిని వెనక మిగిలినవారికి అంటగట్టారు. దుఃఖం మెట్లెక్కినట్టు వరసగా సాగదు. ‘నాకు కోపం రాలేదు, నాలో ఏదో తేడా ఉందా?’ అని అడిగే మనిషికి ఈ సంగతి చెప్పడమే సగం వైద్యం. కౌన్సెలర్లకు ఎక్కువగా పనికొచ్చేది 1999లో మార్గరెట్ స్ట్రోబె, హెంక్ షుట్ అనే నెదర్లాండ్స్ పరిశోధకులు చెప్పిన నమూనా. దుఃఖంలో ఉన్న మనిషి రెండు పనుల మధ్య ఊగుతుంటాడు. ఒకటి పోయిన మనిషి కోసం ఏడవడం, రెండోది మిగిలిన బతుకు చక్కబెట్టుకోవడం: బ్యాంకు ఖాతా మార్పించడం, కరెంటు బిల్లు కట్టడం నేర్చుకోవడం, పిల్లాడి స్కూలు మీటింగ్‌కి ఒక్కతే వెళ్లడం. పొద్దున్న ఏడ్చి సాయంత్రం సీరియల్ చూసి నవ్వితే అది మొండితనమూ కాదు, ప్రేమ లేకపోవడమూ కాదు. ఆ ఊగులాటే ఆరోగ్యం. ఎప్పుడూ ఏడుస్తూనే ఉండిపోయినా, అసలు ఏడవకుండా పనుల్లో కూరుకుపోయినా అప్పుడు చూడాలి.

మగవాళ్లు రెండో వైపు కూరుకుపోవడం ఈ ఊళ్లో ఎక్కువగా కనిపిస్తుంది. చావు పనులన్నీ భుజాన వేసుకుని, అందరినీ ఓదార్చి, పెద్దకర్మ మర్నాడే డ్యూటీకి వెళ్లిన కొడుకుని అందరూ మెచ్చుకుంటారు. ఆర్నెల్ల తర్వాత అతను గుండె దడ అని, ఛాతీ పట్టేసిందని, గ్యాస్ అని ఆస్పత్రికి వెళ్తాడు. ఈసీజీ బాగానే ఉంటుంది. మన దగ్గర దుఃఖం మనసు పేరుతో డాక్టరు ముందుకు రాదు, ఒంటి పేరుతో వస్తుంది. ఒళ్లంతా మంటలు, తల తిరుగుడు, కాళ్లు లాగడం, గాభరా. గాజువాకలో, గోపాలపట్నంలో ప్రాక్టీసు చేసే మామూలు ఎంబీబీఎస్ డాక్టరు ‘ఈ మధ్య ఇంట్లో ఎవరైనా పోయారా?’ అని ఒక్క ప్రశ్న అడిగితే చాలా స్కానింగులు మిగులుతాయి.

బెంగ, దిగులు

తెలుగులో ఈ రెండు మాటలున్నాయి, వాటి మధ్య తేడా మనకు చిన్నప్పటినుంచే తెలుసు. దిగులు దేనిమీదైనా ఉండొచ్చు, దేనిమీదా లేకుండానూ ఉండొచ్చు. బెంగ ఒక మనిషి మీదే పెట్టుకుంటారు. ‘అమ్మమీద బెంగ పెట్టుకున్నాడు’ అంటాం. బెంగతో మంచం పట్టారంటాం, బెంగతో పోయారంటాం. వైద్యశాస్త్రం ఇటీవల గీసిన గీత దాదాపు ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పు 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది. అందులో దీర్ఘకాలిక దుఃఖాన్ని విడిగా ఒక రుగ్మతగా చేర్చారు. అదే ఏడాది మార్చిలో అమెరికన్ మానసిక వైద్యుల సంఘం తన జాబితాలోనూ చేర్చింది. దాని ప్రధాన లక్షణం పోయిన మనిషి కోసం తీరని బెంగ, లేదా ఆ మనిషి తలపు తప్ప మరొకటి పట్టకపోవడం. డిప్రెషన్‌లో ఏదీ రుచించదు, తన మీద తనకే విలువ పోతుంది. దీర్ఘకాలిక దుఃఖంలో మనసు ఒక్క మనిషి చుట్టూ గిరగిరా తిరుగుతుంది. రెండూ కలిసి రావడమూ ఉంది.

గడువు విషయంలో రెండు జాబితాలూ ఏకం కాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసం ఆరు నెలలంది, అమెరికన్ జాబితా పెద్దవాళ్లకు 12 నెలలంది. ఆ సమాజపు ఆచారాలకు మించి దుఃఖం సాగుతోందా అని చూడాలని రెండూ చెబుతున్నాయి. ఏడాది మైల పట్టి, పండగలు మానేసి, సంవత్సరీకం చేసే సమాజంలో 12 నెలల లెక్క సహజంగా అతుకుతుంది. మూడో నెలలో ఏడుస్తున్న తల్లిని రోగి అనడం తొందరపాటు. మూడేళ్లయినా కొడుకు గది తలుపు తీయనివ్వని, అన్నం సరిగా తినని, మనవడి బారసాలకు వెళ్లని తల్లి విషయంలో ‘కాలమే మందు’ అని కూర్చోవడం అంతకంటే పెద్ద తప్పు.

అందరికీ చికిత్స అక్కర్లేదు. సహజ మరణాల తర్వాత దుఃఖం ఇలా గడ్డకట్టేది సుమారు పదిమందిలో ఒకరికని 2017లో పలు అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ తేల్చింది. తక్కిన తొమ్మిదిమందీ ఇంటివాళ్లు, స్నేహితులు, అలవాట్ల తోడుతో నెమ్మదిగా నిలదొక్కుకుంటారు. ఆ ఒక్కరి కోసం అమెరికాలో క్యాథరిన్ షియర్ 16 సెషన్ల చికిత్స రూపొందించారు. అందులో చివరి రోజు కథను కళ్లు మూసుకుని వర్తమానంలో జరుగుతున్నట్టు చెప్పడం ఉంటుంది, పోయిన మనిషి ఎదురుగా ఉన్నట్టు ఊహించుకుని మాట్లాడటం ఉంటుంది, తప్పించుకు తిరుగుతున్న చోట్లకు కొంచెం కొంచెంగా వెళ్లడం ఉంటుంది. కొడుకు బైక్ ప్రమాదం జరిగిన హైవే మలుపు తప్పించడానికి రోజూ ఐదు కిలోమీటర్లు చుట్టూ తిరిగే తండ్రికి, ఆ మలుపు దాకా వెళ్లి రావడమే ఒక వారం హోంవర్కు అవుతుంది. 2016లో ఆమె బృందం 395 మంది మీద చేసిన అధ్యయనంలో, డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఈ బెంగను తగ్గించలేదని, మాటల చికిత్సే తగ్గించిందని, చికిత్సతో కలిపి ఇచ్చినప్పుడు డిప్రెషన్ లక్షణాలకు మాత్ర సాయపడిందని తేలింది. నిద్రమాత్రల చీటీతో సరిపెట్టే అలవాటుకు ఇది గట్టి జవాబు.

కర్మ చేయలేని చావులు

2016 జులై 22న చెన్నై తాంబరం వైమానిక స్థావరంనుంచి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరిన వాయుసేన ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద మాయమైంది. అందులో ఉన్న 29 మందిలో ఎనిమిదిమంది విశాఖలోని నేవల్ ఆర్మమెంట్ డిపో సివిలియన్ ఉద్యోగులు. ఆ తర్వాత ఏడున్నరేళ్లపాటు ఒక ముక్క కూడా దొరకలేదు. 2024 జనవరిలో చెన్నై తీరానికి దాదాపు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున శకలాల ఫొటోలు దొరికాయని, అవి ఆ విమానానివేనని రక్షణ శాఖ ప్రకటించింది. ఆ ఏడున్నరేళ్లూ ఎనిమిది ఇళ్లలో నుదుటి బొట్టు ఉంచాలో తీయాలో, ఫొటోకి దండ వెయ్యాలో వద్దో, తద్దినం ఏ తిథికి పెట్టాలో ఎవరు చెప్పాలి?

మనిషి పోయాడో ఉన్నాడో తేలని ఈ స్థితి గురించి 1970ల్లోనే అమెరికాలో పాలిన్ బాస్ పరిశోధన మొదలుపెట్టారు. వియత్నాం యుద్ధంలో ఆచూకీ దొరకని సైనికుల భార్యలు ఆమె మొదట మాట్లాడినవారిలో ఉన్నారు. దొరకని జవాబును దొరికించుకోమని బలవంతపెట్టకూడదన్నది ఆమె చెప్పిన ముఖ్య సంగతి. ‘ఉన్నాడేమో, లేడేమో’ అన్న రెండు మాటలనూ ఒకేసారి మోస్తూ పిల్లల్ని చదివించడం, పొయ్యి వెలిగించడం ఎలాగో కౌన్సెలర్ పక్కన కూర్చుని చూడాలి. ఇంకా ఆశ పెట్టుకున్న భార్యను ‘నిజం ఒప్పుకో’ అని తోసేస్తే ఆమె సెషన్లు మానేస్తుంది, అంతే.

విశాఖకు ఇది కొత్త కాదు. పెదజాలారిపేటలోనూ ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల వాడల్లోనూ సముద్రం తీసుకుపోయి తిరిగివ్వని మనుషుల కథలు ప్రతి తరానికీ ఉన్నాయి. శవం దొరకకపోతే దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే విధి శాస్త్రంలో ఉంది. చట్టం మాత్రం ఏడేళ్లు ఆగమంటుంది. పాత సాక్ష్య చట్టంలోనూ, 2024 జులై 1నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోనూ, ఏడేళ్లుగా ఎవరికీ కబురు తెలియని మనిషిని చనిపోయినట్టు భావించవచ్చన్నదే నియమం. ఈలోగా మరణ ధ్రువపత్రం లేక పింఛను, బీమా, పడవ అప్పు అన్నీ ముడిపడిపోతాయి. మత్స్యకారుల వాడలో పనిచేసే కౌన్సెలర్‌కు దుఃఖం గురించి ఎంత తెలియాలో, మత్స్యశాఖ ఆఫీసులో ఏ కాగితం ఎవరికివ్వాలో కూడా అంత తెలియాలి. ఆకలిగా ఉన్న ఇంట్లో ఊపిరి వ్యాయామం నేర్పితే వినే ఓపిక ఎవరికుంటుంది?

2021 ఏప్రిల్, మే నెలల కొవిడ్ చావులదీ ఈ కోవే. చివరి చూపు లేదు, నోట్లో తులసి నీళ్లు లేవు, పాడె మోసే నలుగురు లేరు. మూటగట్టిన దేహం ఆస్పత్రినుంచి నేరుగా శ్మశానానికి వెళ్లిపోయింది. అప్పుడు చెయ్యలేకపోయినదాన్ని తర్వాతైనా చెయ్యొచ్చని కౌన్సెలర్లు గుర్తుచేస్తారు. ఏడాది దాటాక ఆయన స్నేహితుల్ని పిలిచి భోజనం పెట్టి, ఒక్కొక్కరినీ ఆయన గురించి ఒక మాట చెప్పమన్నా అది కర్మే.

పెద్ద ప్రమాదాల సంగతి వేరు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్‌నుంచి స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు, వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. ఇలాంటప్పుడు బాధితుల్ని వెంటనే కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించడం మేలు చేయదని, కొందరికి కీడు కూడా చేయవచ్చని ఇప్పుడు తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 మార్గదర్శకంలో చెప్పిన మానసిక ప్రథమ చికిత్స మూడు మాటల్లో ఉంటుంది: చూడు, విను, కలుపు. ఎవరికేం కావాలో చూడు, చెబితే విను, వాళ్లవాళ్లతో, సాయంచేసే చోట్లతో కలుపు. లోతైన చికిత్స తర్వాత సంగతి.

చావు లేని శోకం

విశాఖ ఉక్కు కర్మాగారం టౌన్‌షిప్ ఉక్కునగరంలో ఉంటూ ముప్పై ఏళ్లు ఎ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు చేసిన మనిషి రిటైరవుతాడు. సన్మానం, శాలువా, పూలదండ, ఫొటో. కొన్నాళ్లకు క్వార్టరు ఖాళీ చేసి కూర్మన్నపాలెంలోనో వడ్లపూడిలోనో కట్టుకున్న ఇంటికి మారతాడు. ఒక్క నెలలో ఉద్యోగం, ఇల్లు, పార్కులో నడక స్నేహితులు, రాత్రి రెండింటికి క్యాంటీన్ టీ అన్నీ పోతాయి. రోజంతా ఇంట్లో ఉండే భర్తతో ఎలా వేగాలో భార్యకు తెలియదు. కొడుకు ‘హాయిగా రెస్టు తీసుకోండి నాన్నా’ అంటాడు. ఎవరూ చనిపోలేదు గనక ఇది దుఃఖమని ఎవరికీ తట్టదు.

1967లో హోమ్స్, రేహే అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు జీవితంలో వచ్చే 43 మార్పులకు, అవి తెచ్చే ఒత్తిడిని బట్టి మార్కులు వేశారు. జీవిత భాగస్వామి మరణానికి 100, విడాకులకు 73, రిటైర్మెంటుకు 45. పెళ్లికి కూడా 50 వేశారు! ఆ అంకెల్ని తూకంరాళ్లలా పట్టుకోనక్కర్లేదు. మంచి మార్పు కూడా మనిషిని కుదిపేస్తుందన్న సంగతి మాత్రం అందులో ఉంది. మార్పుల గురించి రాసిన విలియం బ్రిడ్జెస్ అన్నట్టు ప్రతి మార్పూ ఒక ముగింపుతో మొదలవుతుంది. పాతది పోయి, కొత్తది ఇంకా రాని మధ్యకాలం ఒకటుంటుంది. అందరూ దాన్ని దాటేయాలని తొందరపడతారు. కౌన్సెలర్ ఆ మధ్యకాలంలో కాస్త నిలబడనిస్తాడు. ‘ఉక్కు’ అనేది తీసేస్తే మీరెవరు అన్న ప్రశ్నకు జవాబు వారంలో రాదు.

ఉక్కు విషయంలో ఇంకో పొర ఉంది. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ నినాదంతో 1966లో ఉద్యమం చేసి సాధించుకున్న కర్మాగారం అది. దానికోసం భూములిచ్చిన ఊళ్ల జనం తమ చెరువులు, అమ్మవారి గుళ్లు, పెద్దల సమాధులు వదిలి వచ్చారు. నిర్వాసితులకు ఇచ్చిన ఆర్-కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ వయసు మీరిపోయినవారు వారిలో ఉన్నారు. 2021 జనవరిలో నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్ర మంత్రివర్గ కమిటీ ఆమోదం తెలిపినప్పుడు వీధుల్లోకి వచ్చిన కోపంలో జీతం గురించిన భయం ఎంతుందో, ఇచ్చిన ఊరికి అర్థం లేకుండా పోతుందన్న శోకమూ అంతే ఉంది. దీన్ని గదిలో కూర్చోబెట్టి నయం చేయాలనుకోవడం సరికాదు. కొన్ని బాధలకు పోరాటమే సరైన చోటు. కౌన్సెలర్ దాన్ని వ్యక్తిగత బలహీనతగా మార్చకుండా ఉంటే చాలు.

పిల్లలు డాలస్‌లోనో టొరంటోలోనో ఉండగా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్లలో మిగిలిన దంపతులది మరో రకం. అది గర్వంగా చెప్పుకునే సంగతి కాబట్టి లోటు బయటికి రాదు. కడుపు నిలవని ఆడపిల్లకైతే ఏడ్చే హక్కు కూడా దొరకదు. ‘వయసుంది కదా, మళ్లీ అవుతుందిలే’ అంటారు. పేరు పెట్టని బిడ్డకు కర్మ లేదు, పరామర్శ లేదు, సెలవూ సరిగా లేదు. విడాకులు తీసుకున్న మనిషికీ, ఎవరికీ చెప్పుకోలేని బంధంలో ఉండి తోడును పోగొట్టుకున్నవారికీ ఇదే పరిస్థితి. సమాజం గుర్తించని ఈ దుఃఖానికి 1989లో కెన్నెత్ డోకా ఒక పేరు పెట్టి దాన్ని అధ్యయన విషయం చేశారు. కౌన్సెలింగ్ గది ఎక్కువగా నిండాల్సింది ఇలాంటివారితోనే. చావు ఇంటికి షామియానా అయినా వస్తుంది.

ఎవరి దగ్గరకు వెళ్లాలి

‘వైజాగ్ పిచ్చాసుపత్రి’ అన్న మాట ఉత్తరాంధ్రలో తిట్టుగా స్థిరపడిపోయింది. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల తరాలుగా వేలమందికి వైద్యం చేసిన చోటు. ఆ మాట భయానికి ఎంతోమంది గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగారు. అక్కడ ఓపీ ఉంది, కింగ్ జార్జ్ ఆస్పత్రి (కేజీహెచ్)లో మానసిక వైద్య విభాగం ఉంది. రెండూ ప్రభుత్వ ఆస్పత్రులే.

మందులు రాసేది సైకియాట్రిస్ట్, అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, పరీక్షలూ మాటల చికిత్సా చేస్తారు. వారికి భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు అడిగి తెలుసుకోవచ్చు. ‘కౌన్సెలర్’ అన్న బోర్డు విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఎంఎస్సీ సైకాలజీ చదివి, ఏళ్లతరబడి మరొకరి పర్యవేక్షణలో పనిచేసినవారూ ఆ బోర్డు పెడతారు, వారాంతపు కోర్సు సర్టిఫికెట్ ఉన్నవారూ పెడతారు. ఏం చదివారు, దుఃఖంలో ఉన్నవారితో ఎంతకాలం పనిచేశారు అని అడగడం అమర్యాద కాదు. అడిగితే విసుక్కునేవారి దగ్గర ఉండనక్కర్లేదు. పోయినాయన ఆత్మతో మాట్లాడిస్తామనేవారి దగ్గరా, మూడు సెషన్లలో మామూలు మనిషిని చేస్తామని గ్యారంటీ ఇచ్చేవారి దగ్గరా అసలే వద్దు.

భాష కూడా చూసుకోవాలి. ‘ఏటి సెప్పమంటారండీ, గుండెల మీద బండెట్టినట్టుంది’ అనే మనిషికి ఆ మాటలోనే జవాబివ్వగలవారు కావాలి. ఇంగ్లీషు పదాలతో నిండిన తెలుగు వింటే ఆమె తన బాధ తప్పుగా చెప్పానేమో అనుకుని ముడుచుకుపోతుంది.

చెప్పింది బయటికి పొక్కుతుందన్న భయం ఈ ఊళ్లో ఎక్కువ, ఏ వీధిలో చూసినా ఎవరో ఒకరికి చుట్టమే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను రోగి హక్కుగా రాసింది. ప్రాణానికి ముప్పున్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు లాంటి కొన్ని సందర్భాలే మినహాయింపు. మంచి కౌన్సెలర్ ఈ సంగతిని మొదటి పది నిమిషాల్లోనే చెబుతారు. మానసిక వ్యాధుల చికిత్సకూ శారీరక వ్యాధులతో సమానంగా బీమా ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది, కాబట్టి ఆస్పత్రిలో చేరాల్సి వస్తే పాలసీ కాగితం ఒకసారి తీసి చూసుకోవాలి.

బయటికి వెళ్లే ఓపిక లేనివారికి టెలీ మానస్ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఉచిత సేవ అది. నంబరు 14416. రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తున్నవారు, అలాంటివారు ఇంట్లో ఉన్నవారు అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా ముందు ఈ నంబరుకు చెయ్యాలి, లేదా దగ్గర్లోని ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి. తక్కినవారికి తొందర లేదు. మాసికం నాటికి వెళ్లినా, సంవత్సరీకం అయ్యాక వెళ్లినా, పదేళ్ల కిందటి చావు గురించి ఇప్పుడు వెళ్లినా ఆలస్యమైందని ఎవరూ అనరు. తోడుగా వచ్చినవాళ్లు బయట కూర్చుంటే మేలు. తల్లి కొడుకు ముందు ఏడవదు, కొడుకు తల్లి ముందు ఏడవడు.